కొరియా స్నేహితులతో స్టేషన్ దారిలోని సంగటి హోటల్‌కి

అనంతపురానికి కొత్తగా వచ్చినవాళ్లని రాత్రి భోజనానికి మొదటిసారి ఎక్కడికి తీసుకెళ్లాలి అని ఎవరైనా అడిగితే ఇకమీదట నేను చెప్పేది ఒక్కటే, రైల్వే స్టేషన్‌కి వెళ్లే దారిలో ఉండే సంగటి హోటల్. బోర్డు మీద వేరే పేరుంది గానీ ఆ పేరు చెబితే ఆటోవాళ్లు కూడా యాడ అని అడుగుతారు, సంగటి హోటల్ అంటే మాత్రం నేరుగా తెచ్చి దించుతారు. ఏసీ లేదు, మెనూ కార్డు లేదు, కుర్చీలు ప్లాస్టిక్‌వి. అయినా ఊళ్లో ఉన్న పెద్దపెద్ద రెస్టారెంట్లన్నీ వదిలి దీన్నే ఎందుకు చెబుతున్నానో వివరంగా రాస్తాను, నచ్చని విషయాలు కూడా దాచకుండా రాస్తాను, ఎందుకంటే వాటిలో ఒకటి రెండు వాళ్లు తప్పకుండా సరిచేసుకోవాల్సినవే.

నేను పెనుకొండ వైపు కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో పర్చేజ్ విభాగంలో పనిచేస్తాను. కియా వాళ్లు 2017లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీ కట్టడం, 2019లో అక్కడినుంచి కార్లు బయటికి రావడం అందరికీ తెలిసిందే, దాని వెనకే విడిభాగాల కంపెనీలూ వచ్చాయి, వాటితో కొరియా మనుషులూ వచ్చారు. హైవే మీద పెనుకొండ దగ్గరికి వచ్చేసరికి కొరియా అక్షరాల బోర్డులు కనబడతాయి. వాళ్లలో కొందరు అక్కడే ఉంటారు, కొందరు హిందూపురంలో, కొందరు బెంగళూరులో, కొందరు మన అనంతపురంలో. 2022లో జిల్లా విడిపోయి పెనుకొండ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ ఉద్యోగాల వ్యాన్లు మాత్రం రోజూ పొద్దున్నే ఇక్కడినుంచే బయల్దేరతాయి, దాదాపు 70 కిలోమీటర్లు పోవడం, మళ్లీ రావడం.

మా ఆఫీసుకి ఈమధ్యే ముగ్గురు వచ్చారు. ఒకాయన రిటైర్మెంటుకి దగ్గరపడ్డ క్వాలిటీ ఇంజనీరు, ఒక కుర్రాడు, ఇంకా అకౌంట్స్‌లో ఒక అమ్మాయి. ముగ్గురికీ ఇల్లు అనంతపురంలోనే. కానీ వాళ్లకి ఊరంటే అపార్ట్‌మెంట్ గేటు, వ్యాన్ కిటికీ, ఒక సూపర్ మార్కెట్, అంతే. పొద్దున చీకటితో పోతారు, రాత్రికి వస్తారు, శని ఆదివారాలు దొరికితే బెంగళూరు పోతారు. ఒకరోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆ అమ్మాయి వచ్చీరాని ఇంగ్లీషులో నన్నడిగింది, మీరు రాత్రిపూట బయట తినాలంటే ఎక్కడికి వెళ్తారు అని. మాకు ఏది బాగుంటుంది అని అడగలేదు, మీరెక్కడికి వెళ్తారు అని అడిగింది. ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది.

ఆఫీసులో మావాళ్లు తలా ఒకటి చెప్పారు. బైపాస్ మీద ఏసీ రెస్టారెంట్ అన్నారు, నూడుల్స్ దొరికే చోటు అన్నారు, పిజ్జా అన్నారు. నేనొప్పుకోలేదు. నూడుల్స్ తినే దేశంనుంచి వచ్చినవాళ్లకి మన ఊరి నూడుల్స్ పెట్టి ఏం సంతోషపెడతాం చెప్పండి? వాళ్లు ఇంటినుంచి ఇంతదూరం వచ్చి ఈ ఊళ్లో ఉంటున్నారు, ఈ ఊరు ఏం తింటుందో వాళ్లకి తెలియాలి, ఇష్టపడితే తింటారు లేకపోతే లేదు, ఆ అవకాశం మాత్రం మనం ఇవ్వాలి. నేను ఈ మాట గట్టిగానే అన్నాను, ఇప్పటికీ అంటాను.

శనివారం రాత్రి ఎనిమిదికి వెళ్లాం. ఆ ముగ్గురు, నేను, మా ఆయన, మా ఆఫీసులోనే ఉండే ఇంకొక అబ్బాయి, అతను శాకాహారి. సప్తగిరి సర్కిల్ దగ్గర కారు దిగి నడుచుకుంటూ పోయాం, ఊరు చూపించినట్టు ఉంటుందని. శనివారం సాయంత్రం ఆ రోడ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు కదా, బట్టల షాపుల ముందు జనం, పూల బండ్లు, మిరపకాయ బజ్జీల వాసన. కుర్రాడు ప్రతి బండి దగ్గరా ఆగాడు. వచ్చి ఇన్నాళ్లయినా ఆ రోడ్డు మీద ఒక్కసారి కూడా నడవలేదట.

ఇక హోటల్ సంగతి. మేం లోపలికి పోగానే వడ్డించే పెద్దాయన ఒకరు వచ్చారు, అరవై దాటి ఉంటాయి, భుజం మీద తువ్వాలు. ఫ్యాన్ కింద గోడవారగా ఉన్న బల్ల చూపించి రెండు బల్లలు కలిపారు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, "అమ్మా, వీళ్లు కారం ఎంతమాత్రం తింటారు?" అని అడిగారు. తింటారన్నా, వాళ్లదీ కారం తిండే అన్నాను. ఆయన సరే అనేసి ఊరుకోలేదు. లోపలికి పోయి ముగ్గురికీ మూడు చిన్న గిన్నెల్లో రెండేసి గరిటెలు నాటుకోడి పులుసు తెచ్చి పెట్టి, ముందు ఇది రుచి చూడమనండి, చాలా కారంగా ఉందంటే వీళ్లకి వేరేగా కొబ్బరి ఎక్కువేసి చేయిస్తాను అన్నారు. ఎంత పెద్ద హోటల్లోనూ నాకిలాంటిది ఎదురవలేదు. కారం తక్కువ వేయమంటారా అని అడిగేవాళ్లున్నారు, రుచి చూపించి అడిగిన మనిషిని ఇక్కడే చూశాను.

ఇది ఎందుకు ముఖ్యమంటే, కొరియా వంటల్లో ఎర్రటి కారప్పొడి చాలా వాడతారు, అది చూసి మనవాళ్లు వీళ్లకి కారం అలవాటే అనుకుంటారు, కానీ ఆ పొడి రంగే ఎక్కువ, మంట తక్కువ, కాస్త తియ్యగా కూడా ఉంటుంది. మన పులుసు గొంతులో పట్టుకునే రకం. కుర్రాడికి ఒక చెంచాకే చెమట పట్టింది, అయినా ఇదే కావాలన్నాడు. అమ్మాయి కూడా ఇదే అంది. ఇంజనీరు పెద్దాయన మాత్రం కొంచెం తగ్గించమన్నారు, ఆయనకి వేరేగా చేసి తెచ్చారు, దానికి వేరే డబ్బులు వేయలేదు.

ఇంకొకటి గమనించాను. విస్తళ్లు వేసి, సంగటి పెట్టి, నెయ్యి వేసి, కూరలు పెట్టారు, అంతా అయినా అమ్మాయీ కుర్రాడూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. వాళ్లలో పెద్దవాళ్లు మొదలుపెట్టకుండా చిన్నవాళ్లు తినరు. పెద్దాయన పులుసు నోట పెట్టాకే వాళ్లు మొదలుపెట్టారు. వడ్డించే పెద్దాయనకి ఎవరూ చెప్పలేదు, ఒక్కసారి చూసి పట్టేశారు, అప్పటినుంచి ఏది తెచ్చినా ముందు ఆయనకే వడ్డించి తర్వాత మిగతావాళ్ల దగ్గరికి వచ్చారు. విస్తరి పక్కన చెంచాలు కూడా మారు మాట్లాడకుండా పెట్టేశారు, చేత్తో తినేవాళ్లు తింటారు, లేనివాళ్లు చెంచా తీసుకుంటారు అన్నట్టు. మా ఆయన వాళ్లకి చేత్తో కలపడం చూపించబోతే, తిననీయండి సార్ వాళ్లకి వీలైనట్టు అన్నారాయన.

సంగటి గురించి చెప్పాలి. ఇక్కడి సంగటి నిజంగా ఇంట్లో చేసినట్టు ఉంటుంది, నూకలు మెత్తగా ఉడికాక రాగిపిండి వేసి కట్టెతో ఎనిపి ముద్ద చేస్తారు, పిండి ఉండలు తగలవు, పచ్చివాసన రాదు, పైన చేసిన గుంటలో నెయ్యి. ముద్ద చల్లారితే గట్టిపడుతుంది కాబట్టి వేడివేడిగా ఒక్కొక్కటే తెస్తారు, ముందే చేసి పేర్చిపెట్టరు. కొరియా పెద్దాయన మొదటి ముద్దని బాగా నమిలారు. వాళ్లకి బియ్యప్పిండితో చేసే సాగే వంటకాలు ఉంటాయి, అవి నమిలే తినాలి, దీన్నీ అలాగే అనుకున్నారు. సంగటి నమిలితే పంటికి అతుక్కుంటుంది. చిన్న ముద్ద తుంచి, పులుసులో ముంచి, మింగేయాలి అని మా ఆయన చేసి చూపించారు. రెండో ముద్దకి ఆయనకి దారి దొరికింది. ఆ తర్వాత చెంచా పక్కన పెట్టేసి చేత్తోనే తిన్నారు.

తింటూ తింటూ ఆయన ఒకటి అడిగారు, వ్యాన్‌లో పోతుంటే నేలంతా ఎర్రగా ఎండిపోయి కనబడుతుంది, ఇక్కడ ఏం పండుతుంది అని. వానలు తక్కువ, ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ, అందుకే చెనిక్కాయ, అంటే వేరుశనగ వేస్తారు, రాగులు, జొన్నలు, కొర్రలు మా పాత పంటలు అని చెప్పాను. మా అవ్వ వాళ్ల కాలంలో వరి అన్నం పండగలకే అని, రోజూ తినేది ఈ సంగటేనని, 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక అన్నం రోజూ తినే తిండి అయిందని మా ఆయన చెప్పారు. ఇదంతా కొంచెం ఇంగ్లీషు, కొంచెం ఫోన్‌లో అనువాదం, ఎక్కువ చేతులతో. అది విని ఆయన చాలాసేపు తలూపి, తను చిన్న క్లాసుల్లో ఉన్నప్పుడు వాళ్ల దేశంలోనూ బియ్యం చాలేవి కావని, బియ్యంలో బార్లీ కలుపుకుని తినమని ప్రభుత్వం చెప్పేదని, బడిలో టీచర్లు పిల్లల టిఫిన్ బాక్సులు తెరిపించి అన్నంలో బార్లీ కలిపారా లేదా అని చూసేవాళ్లని చెప్పారు. తెల్లన్నం తెచ్చిన పిల్లలకి తిట్లు పడేవట. మా ఇద్దరికీ అది కొత్త విషయం. ఆఫీసులో ఆయనతో రిజెక్షన్లు, డెలివరీ తేదీలు తప్ప ఇంకో మాట మాట్లాడింది లేదు. సంగటి ముందు కూర్చుంటే గానీ ఆయన చిన్నతనం బయటికి రాలేదు.

మిగతా వంటల్లో నాటుకోడి పులుసు మొదటి స్థానం, దాంట్లో సందేహం లేదు. ధనియాలు, ఎండుకొబ్బరి, గసగసాలు సరిగ్గా పడ్డాయి, పులుసు పల్చగా సంగటికి తగ్గట్టు ఉంది, ముక్క నాటుకోడిదే, బ్రాయిలర్ కలపలేదు. బోటి వేపుడు తెప్పించడానికి నేను కొంచెం తటపటాయించాను, వాళ్లకి నచ్చుతుందో లేదో అని, కానీ వాళ్ల దేశంలోనూ పేగులు కాల్చుకుని ఇష్టంగా తింటారట, ఆ ప్లేటు అందరికన్నా ముందు ఖాళీ అయింది, ఇంకోటి చెప్పాల్సి వచ్చింది. శుభ్రంగా కడిగి చేస్తారు, వాసన లేదు. తలకాయ కూర మాత్రం ఆరోజు బాగా లేదు, నూనె తేలింది, ఉప్పు ఎక్కువ. పైగా పొట్టేలు మాంసం వాళ్లకి పెద్దగా అలవాటు లేదు, పెద్దాయన ఒక ముక్క తిని మర్యాదగా పక్కన పెట్టారు. మొదటిసారి తీసుకెళ్లేవాళ్లు అది వదిలేయండి.

ఊరిబిండి గురించి ఒక ముఖ్యమైన మాట. ఊరిబిండి అంటే చెనిక్కాయల పచ్చడి, ఇక్కడ అడక్కుండానే పెడతారు, అద్భుతంగా ఉంటుంది, అమ్మాయి జొన్నరొట్టెతో అదే తింటూ కూర్చుంది. కానీ బయటి దేశాల్లో కొందరికి చెనిక్కాయలు పడవు, ఒళ్లంతా దద్దుర్లు రావడం, ఊపిరి ఆడకపోవడం దాకా పోతుంది. నేను ముందే ముగ్గురినీ అడిగి వెళ్లాను. హోటల్లో అడిగితే ఓనర్‌గారు నిజాయితీగా చెప్పారు, మా వంటంతా చెనిక్కాయ నూనెతోనే, పడనివాళ్లయితే మా దగ్గర ఏదీ తినిపించొద్దమ్మా అని. వ్యాపారం పోతుందని దాచలేదు. కొత్తవాళ్లని తీసుకెళ్లేవాళ్లు దయచేసి ఈ ఒక్క ప్రశ్న ముందుగా అడగండి, మన జిల్లాలో చెనిక్కాయ లేని వంట వెతకడం కష్టం.

శాకాహారులకి ఇక్కడ పెద్దగా ఏమీ లేదు. పప్పు, గుత్తివంకాయ, జొన్నరొట్టె, పెరుగు. మా ఆఫీసు అబ్బాయి సర్దుకున్నాడు గానీ అందరూ శాకాహారులైతే వేరే చోటు చూసుకోండి.

ఇప్పుడు నేను ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం. మేం తింటుండగా పక్క బల్ల దగ్గర ఉన్న నలుగురు కుర్రాళ్లు ఫోన్లు తీసి మావైపు పెట్టారు. ఒకడు లేచి వచ్చి ఆ అమ్మాయి పక్కన నిలబడి సెల్ఫీ అన్నాడు. చెడ్డ ఉద్దేశం ఉండకపోవచ్చు, కానీ ఆ అమ్మాయి ముఖం నేను చూశాను. బయటికొచ్చిన ప్రతిసారీ ఇదే జరుగుతుందని, అందుకే సూపర్ మార్కెట్‌కి కూడా టోపీ పెట్టుకుని పోతానని తర్వాత చెప్పింది. నేను ఏదో అనేలోపే గల్లా దగ్గరినుంచి ఓనర్‌గారు లేచి వచ్చి, "ఏమప్పా, అన్నం తినేవాళ్లని ఫొటోలు తీస్తారా, మీ ఇంటికొచ్చినోళ్లయితే తీస్తారా, పోయి కూచోండి" అన్నారు. అరవలేదు, మామూలు గొంతుతోనే చెప్పారు. ఆ కుర్రాళ్లు సారీ అన్నా అని వెళ్లి కూర్చున్నారు. ఆయన వచ్చి మాకు సంజాయిషీలేం చెప్పలేదు, మళ్లీ గల్లా దగ్గరికి పోయి చిల్లర లెక్కపెట్టుకున్నారు. ఆ తర్వాతే ఆ అమ్మాయి కుర్చీలో సర్దుకుని కూర్చుని, ఇంకో జొన్నరొట్టె చెప్పమంది. నా వరకు ఈ హోటల్‌కి ఐదుకి ఐదు స్టార్లు దీనికే. కొత్త ఊళ్లో ఉండేవాళ్లకి మంచి కూర కన్నా ముందు కావాల్సింది, తమ మానాన తమని తిననిచ్చే చోటు.

బాగాలేనివి రాస్తానన్నాను కదా. చేతులు కడుక్కునే చోట నీళ్లు నిలిచి జారుతోంది, పెద్దవాళ్లని పట్టుకుని తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆడవాళ్ల బాత్రూం తలుపుకి గడియ లేదు, నేను బయట నిలబడితే ఆ అమ్మాయి లోపలికి పోయింది, ఇది అస్సలు బాగాలేదు. టీవీ సౌండ్ ఎక్కువ, అడిగితే తగ్గించారు. కార్డు మెషిన్ లేదు. మనకి ఫోన్‌పే ఉంది కాబట్టి ఇబ్బంది లేదు, కొత్తగా వచ్చిన విదేశీయుల దగ్గర అది ఉండదు, కార్డే ఉంటుంది, కాబట్టి నగదు పెట్టుకుని వెళ్లమని చెప్పండి. బండ్లు పెట్టుకోవడానికి చోటు లేదు. మందు అనుమతించరు, అది నాకైతే మంచిదే అనిపించింది, ఆడవాళ్లతో ఎనిమిదింటికి వెళ్లి పదింటి దాకా నిశ్చింతగా కూర్చోగలిగామంటే దానివల్లే.

ధరలు ఇలా ఉన్నాయి. సంగటి ముద్ద 40, నాటుకోడి పులుసు 220, బోటి 180, జొన్నరొట్టె 25. ఆరుగురం కడుపునిండా తింటే రెండు వేలు దాటి కొంచెం అయింది. బిల్లు చీటీ మీద రాసిస్తారు, మా ఆయన కూడి చూశారు, సరిగ్గానే ఉంది. డబ్బులిచ్చే దగ్గర కొంచెం గొడవ అయింది, వాళ్ల అలవాటు ప్రకారం పెద్దవాళ్లే ఇవ్వాలట, మన అలవాటు ప్రకారం పిలిచినవాళ్లం మేమివ్వాలి. చివరికి ఇక్కడ మేమిచ్చాం, ఇంకోచోటికి పోదాం అక్కడ మేమిస్తాం అని వాళ్లన్నారు. కొరియాలో భోజనం అయ్యాక ఇళ్లకి పోరట, అక్కడినుంచి లేచి ఇంకోచోటికి, కుదిరితే అక్కడినుంచి ఇంకోచోటికి పోతారట, రెండో చోట కబుర్లే ఎక్కువ. రాత్రి పదికి అనంతపురంలో ఆ రెండో చోటు ఎక్కడ అని నాకు టెన్షన్ పట్టుకుంది. మా ఆయన టవర్ క్లాక్ వైపు బాదంపాల బండి దగ్గరికి నడిపించారు. వేడి బాదంపాలు, నిలబడే తాగాం, పెద్దాయన అందరికీ రెండు చేతులతో గ్లాసులు అందించి డబ్బులిచ్చారు. అక్కడ అరగంట మాట్లాడుకున్నాం, కుర్రాడు సోమవారం ఉదయం ఉగ్గాని బజ్జి ఎక్కడ బాగుంటుందో రాయించుకున్నాడు, వ్యాన్ ఎక్కేముందు తింటాడట.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. ఏడున్నర, ఎనిమిది లోపు వెళ్లండి, తొమ్మిది దాటితే సంగటి అయిపోతుంది, ఆపైన అన్నమే. ఆరుగురు దాటితే ముందుగా చెప్పండి, బల్లలు కలిపి పెడతారు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం కొత్తవాళ్లని తీసుకెళ్లొద్దు, తింటున్నవాళ్ల కుర్చీ వెనకే లైను నిలబడి ఉంటుంది, ప్రశాంతంగా తినలేరు.

వచ్చే నెల మా ఆఫీసుకి ఇంకో ఇద్దరు వస్తున్నారు, వాళ్లనీ ఇక్కడికే తీసుకెళ్తాను. ఆలోపు ఆడవాళ్ల బాత్రూంకి గడియ, చేతులు కడిగే చోట ఒక రబ్బరు చాప వేయించండి అని ఓనర్‌గారికి చెప్పి వచ్చాను, చాప మరుసటి రోజే వేయిస్తానన్నారు, గడియకి వడ్రంగి రావాలన్నారు.